మూత తీయని లంచ్ బాక్స్

చెల్లెమ్మా, హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చి రెండు నెలలైందని, తొమ్మిదో తరగతి చదివే పాప ఇంటికి రాగానే గది తలుపేసుకుంటోందని, లంచ్ బాక్స్ మూత కూడా తీయకుండా తిరిగి తెస్తోందని రాశారు. అలాంటి డబ్బాలు నేనూ చూశాను. మేము వచ్చిన కొత్తలో మా అబ్బాయి రెండు వారాలు అలాగే తెచ్చాడు. పులిహోర నచ్చట్లేదేమోనని నేను రోజుకో రకం చేసి పెట్టాను. క్యాఫెటీరియాలో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక లంచ్ టైమంతా లైబ్రరీలో గడిపేవాడని తర్వాత తెలిసింది.

మన దగ్గర సెక్షన్ అంతా ఒకే గదిలో ఉంటుంది, టీచర్లే మారుతుంటారు. పక్కన కూర్చునే స్నేహితురాలు వెతక్కుండానే దొరుకుతుంది. ఇక్కడ హైస్కూల్లో గంట కొట్టగానే పిల్లలే గది మారాలి. ప్రతి గదిలోనూ వేరే ముఖాలు, వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచీ కలిసి చదివినవాళ్లు. బిడియం ఉన్న పిల్లకి ప్రతి పీరియడూ మొదటి రోజే. "నువ్వే వెళ్లి పలకరించొచ్చుగా" అనకండి, దయచేసి. పలకరించాలని తనకీ ఉంటుంది, గొంతు పెగలదు.

ముందు స్కూల్ కౌన్సిలర్‌కి ఈమెయిల్ రాయండి. కౌన్సిలర్ దగ్గరికి వెళ్లడమంటే పిల్ల ఏదో తప్పు చేసినట్టు కాదు, వాళ్లున్నదే ఇందుకు. "మా అమ్మాయి సరిగ్గా కలవట్లేదు" అని పైపైన రాస్తే పని జరగదు. లంచ్‌లో ఒంటరిగా ఉంటోంది, అదే లంచ్ పీరియడ్‌లో ఉండే నెమ్మదైన అమ్మాయిని ఎవరినైనా పరిచయం చేయగలరా అని సూటిగా అడగండి. ఆ ఈమెయిల్ సంగతి పాపకి ముందే చెప్పండి. తనకు తెలియకుండా చేస్తే నమ్మకం పోతుంది.

క్లబ్ విషయంలో ఒక్కటే చూడండి. నెలకోసారి కలిసేది వద్దు. వారానికి మూడు నాలుగు రోజులు కలిసేది, చేతికి పని ఉండేది కావాలి. రోబోటిక్స్, ఆర్కెస్ట్రా, నాటకాలకు తెర వెనక పనిచేసే స్టేజ్ క్రూ, ఏదైనా సరే. మా వాడు స్టేజ్ క్రూలో చేరి చెక్క గోడలకు రంగులు వేశాడు. నెల తర్వాత ఒకరోజు కారెక్కుతూ, "ఇవాళ ఒకడు నన్ను టేప్ అడిగాడమ్మా, ఇచ్చాను" అన్నాడు. వాడి చేతులకు ఇంకా నీలం రంగు ఉంది. ఆ టేప్ అడిగిన అబ్బాయే తర్వాత లంచ్‌లో పక్కన చోటు పట్టి ఉంచేవాడు.

ఇంట్లో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. హోటల్‌కెళితే వాడి ఆర్డర్ నేనే చెప్పేదాన్ని, ఎవరైనా పలకరిస్తే "వాడికి సిగ్గండీ" అని నేనే జవాబిచ్చేదాన్ని. వాడి భయం నా వల్లే ఇంకాస్త పెరిగింది. పిజ్జా కౌంటర్ దగ్గర పాపనే అడగనివ్వండి, తడబడినా ఆగండి. హైదరాబాద్ స్నేహితులతో ఫోన్ మాత్రం మాన్పించకండి. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్న ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఫోన్‌లో మాట్లాడే ఆ అరగంట తనకు ఊపిరి.

స్కూల్ అనగానే కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, వెళ్లనని మొండికేయడం వారాల తరబడి సాగితే పిల్లల డాక్టర్‌కి చెప్పండి. దీనికి మంచి థెరపీ ఉంది. చచ్చిపోవాలనిపిస్తోంది అన్నట్టు ఏ మాటన్నా తేలిగ్గా తీసుకోవద్దు. అలాంటప్పుడు సాయం చేసే ఇక్కడి హెల్ప్‌లైన్ 988కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

కౌన్సిలర్‌కి ఎలా రాయాలో తోచకపోతే చెప్పండి, ఇద్దరం కలిసి రాద్దాం.