అమెరికా మొదటి నుంచీ ప్రపంచ పెద్దన్నేనా?

కాదు, 1800 నుంచి దాదాపు 150 ఏళ్లు శాశ్వత సైనిక కూటములకు అమెరికా దూరంగానే ఉంది. రెండు పక్కలా మహాసముద్రాలే కాపలా, ఇక పరాయి యుద్ధాలు మనకెందుకన్న భావన అక్కడ బలంగా ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత శాంతి కోసం అధ్యక్షుడు విల్సన్ పట్టుబట్టి పెట్టించిన దేశాల సంఘం, నానాజాతి సమితిలో చేరడానికి సొంత సెనేటే ఒప్పుకోలేదు!

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 నాటి అమెరికా చట్టమే చూడండి. బ్రిటన్‌కు ఆయుధాలు కావాలంటే రొక్కం కట్టి, సొంత ఓడల్లో మోసుకెళ్లాల్సిందే. 1941 మార్చికల్లా అరువుకిచ్చే చట్టం వచ్చింది. డిసెంబర్‌లో హవాయిలోని తన నౌకా స్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడితో అమెరికా యుద్ధంలోకే దిగింది. 1949లో మిత్రదేశాలతో కలిసి నాటో సైనిక కూటమి కట్టింది.

అంతకుముందు చేతులు ముడుచుకు కూర్చుందని చాలామంది అనుకుంటారు. అది పెద్ద పొరపాటు. 1898లోనే స్పెయిన్‌ను ఓడించి ఫిలిప్పీన్స్‌ను, ప్యూర్టోరికోను తన చేతుల్లోకి తీసుకుంది.