ఈసారి మా ఇంట్లో వద్దనిపిస్తోంది

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఏటా నవంబరు నాలుగో గురువారం, ఇక్కడి థ్యాంక్స్‌గివింగ్ పండగకి, ఐదు తెలుగు కుటుంబాలు మా ఇంట్లోనే కలుస్తాం. మే నెలలో గుంటూరులో నాన్న పోయారు. వీసా చిక్కుల వల్ల వెళ్లలేకపోయాను. అంతా ఫోన్‌లోనే చూశాను, అదీ చివరి చూపు దగ్గర సిగ్నల్ ఆగిపోయింది. ఆ రాత్రి రెండింటికి ఫ్రెండ్సే వచ్చి నా పక్కన కూర్చున్నారు, పదకొండు రోజులూ వంతులేసుకుని క్యారియర్లు తెచ్చారు. ఇప్పుడు వాళ్లే "అది మన పండగ కాదుగా, పట్టింపేముంది? నలుగురిలో ఉంటే నీకూ బావుంటుంది" అంటున్నారు. అన్నయ్య ఇంట్లో ఏడాదిదాకా పండగల్లేవు. "పెళ్లయిన ఆడపిల్లకి మైల మూడు రోజులేనమ్మా" అని మా అత్తగారు. పిల్లలు రోజులు లెక్కపెడుతున్నారు. భోజనాల ముందు ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞతలో చెప్పడం మాకు అలవాటు. నా వంతు తలుచుకుంటేనే టెన్షన్. ఏటా ఆ రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేసి "ఈసారి టర్కీ కోడి ఎంత బరువే?" అని అడిగేవారు.

జవాబు: మీ ఫ్రెండ్స్ మాటా, అత్తగారి మాటా లెక్క ప్రకారం సరైనవే. థ్యాంక్స్‌గివింగ్ మన పంచాంగంలో లేదు. ఇంటిపేరు మారింది కాబట్టి మీ మైల మూడు రోజుల్లో తీరింది. కానీ మీ అన్నయ్య ఏడాదంతా పండగ చేసుకోకపోయినా ఎందుకని ఎవరూ అడగరు. మీరు ఒక్క గురువారం వద్దనుకుంటే ఇంతమందికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. ఆచారాన్ని తప్పుపట్టడం నా పని కాదు. ఫోన్ తెరమీద తండ్రిని సాగనంపే కూతుళ్లుంటారని మాత్రం పెద్దలు ఊహించి ఉండరు.

ఈ ఏడాది మీ ఇంట్లో వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ముప్ఫైమందికి వండి, నవ్వుతూ వడ్డించి, అర్ధరాత్రి సింకు ముందు ఒంటరిగా నిలబడేటప్పుడు దుఃఖం ముంచుకొస్తుంది. అది చాలామంది విషయంలో చూశాను.

అలాగని తలుపేసుకుని కూర్చోమనడం లేదు. ఆ రాత్రి రెండింటికి వచ్చినవాళ్లకి ఓదార్చడమంటే తెలిసింది తిండీ, సందడీ. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, దండం బొమ్మలు పది వస్తాయి, పని మాత్రం జరగదు. ఆ ఐదిళ్లలో మీకు బాగా దగ్గరైన ఒకావిడకి ఫోన్ చేసి, "ఈసారి మీ ఇంట్లో పెట్టుకుందాం, నేనొస్తాను, ఎంతసేపు ఉండగలనో తెలీదు" అనండి. ఇది వారం ముందే తేలాలి. పదహారు పౌండ్ల గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి నాలుగు రోజులు పడుతుంది, ఆదివారమే ఫ్రీజర్లోంచి తీయాలి మరి. వెళ్లేటప్పుడు రెండు కార్లలో వెళ్లండి. మీకు ఉండబుద్ధి కాకపోతే ఎవరి సరదా పాడవకుండా వచ్చేయొచ్చు, పిల్లలు వాళ్ల నాన్నతో ఉంటారు.

మీ వంతు వచ్చినప్పుడు "ఈసారి నన్నొదిలేయండి" అనొచ్చు. ఏడుపొస్తే ఏడవొచ్చు కూడా. అమెరికాలో ఈ రోజును దేశమంతా జరుపుకోమని లింకన్ ప్రకటించింది 1863లో, అంతర్యుద్ధం నడుమ. అంతకుముందు ఏడాదే ఆయన పదకొండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. యుద్ధంలో భర్తల్ని, తండ్రుల్ని పోగొట్టుకున్నవాళ్ల కోసం కూడా ఆ రోజు ప్రార్థించమని ఆ ప్రకటనలోనే ఉంది. కాబట్టి కన్నీళ్లు పెట్టుకుంటే పండగ చెడిపోతుందేమోనన్న బెంగ పెట్టుకోకండి.

నాకైతే మీ అసలు భయం ఆ వంతు గురించి అనిపించడం లేదు. తొమ్మిదవుతుంది, ఫోన్ మోగదు. అదీ భయం. మీకు గురువారం రాత్రి తొమ్మిదంటే గుంటూరులో శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నర. మీ నాన్నగారు ఫోన్ పట్టుకుని కూర్చునే వేళ అది. పక్కనుండి వినే మీ అమ్మగారికీ ఆ పొద్దున్న వెలితిగానే ఉంటుంది. ఈసారి మీరే చేయండి. సందడి లేనిచోటికి, పెరట్లోకో కార్లోకో వెళ్లి చేయండి. వెళ్లేముందు టర్కీ ఎంత తూగిందో ఆ ఇంటావిణ్ణి అడిగి తెలుసుకోండి.