గుంతలో పడి నాన్న తుంటి విరిగింది, సర్పంచ్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న (కుదించి): మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు సార్. పోయిన అక్టోబర్ 9న రాత్రి మా నాన్న పాలకేంద్రం నుంచి టీవీఎస్ ఎక్సెల్ మీద వస్తూ మా వీధి మలుపులో గుంతలో పడ్డాడు. తుంటి ఎముక విరిగింది, నరసరావుపేటలో ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించాం, రెండున్నర లక్షలు దాటింది. ఇప్పటికీ వాకర్ పట్టుకునే నడుస్తున్నాడు. మేం ఓటెయ్యలేదని సర్పంచ్ మా వీధి మీద పగబట్టాడు. 2024 ఆగస్టు గ్రామసభలో మా వీధికి సీసీ రోడ్డు అని తీర్మానం రాసి, తర్వాత ఆ పనిని వాళ్ళ చుట్టాల వీధికి మార్చేశారు. గుంత గురించి పదిసార్లు చెప్పాం, పట్టించుకోలేదు. జూలైలో కుళాయి పైపులైన్ కోసం తవ్వారు, వానలకి అది కుంగింది. చివరికి కుర్రాళ్ళమే ట్రాక్టర్ గ్రావెల్ తోలించి పూడ్చుకున్నాం. ఏదైనా ఇన్సూరెన్స్ ఉన్న కారు గుద్దినట్టు కేసు పెడితే ఐదారు లక్షలు వస్తాయని ఆస్పత్రి దగ్గర ఒకాయన అంటున్నాడు. నాకైతే సర్పంచ్‌ని కోర్టు మెట్లు ఎక్కించాలని ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు పంపిన నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు సర్పంచ్ గురించే. ఎవరు ఏ పార్టీ, ఎవరికి ఓటు పడలేదు, రోడ్డు ఎవరి వీధికి పోయింది, అన్నీ చదివాను. వీటిలో ఏదీ మీ కేసుని గెలిపించదు. మీ కేసు నిలబడినా పడిపోయినా చివర్లో పోతూ పోతూ రాసిన ఒక్క లైను మీదే, జూలైలో పైపులైన్ కోసం తవ్వారు, వానలకి కుంగింది అన్నారు చూడండి, అసలు సంగతి అది.

రోడ్డు పాతబడి దానంతటదే గుంత పడితే ఒక లెక్క, ఒకడు తవ్వి సరిగ్గా పూడ్చకుండా పోతే ఇంకో లెక్క. మొదటిదైతే పంచాయతీ వాళ్ళు మాకు తెలీదు, ఎవరూ రాసివ్వలేదు అంటారు, ప్రమాదానికి ముందే వాళ్ళకి తెలుసని రుజువు చేసే బరువు మీ నెత్తిన పడుతుంది. రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో రోడ్డు పక్క చెట్టు కూలి దారినపోయే ఉద్యోగి చనిపోతే, ఆ చెట్టు పాడైందని కార్పొరేషన్‌కి ముందే తెలుసన్న రుజువు లేదని 1997లో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వమని వచ్చిన డిక్రీనే కొట్టేసింది. ప్రాణం పోయిన కేసులోనే అలా అయింది. మీరేమో పదిసార్లు చెప్పాం అంటున్నారు, ఎక్కడ చెప్పారు, రచ్చబండ దగ్గరా? ఒక్క అర్జీ కాగితం లేదు, దాని మీద పంచాయతీ ముద్ర లేదు, కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఇచ్చిన రసీదు లేదు, నోటిమాటని అవతలి లాయర్ రెండు ప్రశ్నల్లో ఊదేస్తాడు. అదే తవ్విన గోతి అనుకోండి, తవ్వినవాడు నాకు తెలీదు అనలేడు. పూడ్చి గట్టిగా దిమ్మిస కొట్టించాలి, సీసీ ముక్క మళ్ళీ వేయాలి, అయ్యేదాకా ఒక బోర్డు, రాత్రి కనబడేలా ఒక రిఫ్లెక్టర్ టేపు అన్నా కట్టాలి, ఇది ఆ కాంట్రాక్టర్ బాధ్యత, పని చేయించిన గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) బాధ్యత.

కాబట్టి మీ దావాలో మొదటి ప్రతివాది కాంట్రాక్టర్, తర్వాత ఆర్‌డబ్ల్యూఎస్ తరఫున ప్రభుత్వం, ఆ తర్వాత గ్రామ పంచాయతీ. పంచాయతీ ఎందుకంటే, నేషనల్ హైవే, స్టేట్ హైవే, జిల్లా రోడ్లు, పరిషత్ రోడ్లు పోను ఊళ్ళో మిగిలిన పబ్లిక్ రోడ్లు 1994 పంచాయతీరాజ్ చట్టం సెక్షన్ 53 ప్రకారం పంచాయతీవే, వాటి రిపేరు బాధ్యత సెక్షన్ 45లో ఉంది. అందుకే ముందు మీ మలుపు ఎవరి రోడ్డో పంచాయతీ సెక్రటరీ దగ్గర ఆస్తుల రిజిస్టర్ చూసి తేల్చుకోండి, మన పల్లెల్లో చాలా కేసులు తప్పుడు ఆఫీసు మీద వేసి పోగొట్టుకుంటున్నారు, అది ఆర్ అండ్ బీ రోడ్డనో పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్ళదనో రెండేళ్ళ తర్వాత తేలితే మళ్ళీ మొదటికొస్తుంది. సర్పంచ్‌ని పేరు పెట్టి వ్యక్తిగతంగా లాగకండి. పంచాయతీ అనేది చట్టం ప్రకారం ఒక సంస్థ, మనుషులు మారినా అది ఉంటుంది, డబ్బు కట్టేది కూడా అదే. మీ కోపం తీరడానికి ఆయన పేరు కలిపితే ఇది రాజకీయ కక్షతో వేసిన కేసు అనే వాదన మీరే వాళ్ళ చేతికి ఇచ్చినట్టు.

ఇప్పుడు గడువు సంగతి, దీని మీద నాకు నిజంగా కోపం వచ్చింది. నాన్నగారు పడింది అక్టోబర్ 9న, మీరు నాకు రాసింది ఫిబ్రవరిలో. మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ మీద ఇలాంటి దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, దావా మాత్రం కారణం పుట్టిన ఆరు నెలల్లోపు పడాలి. అంటే ఏప్రిల్ 9కి అయిపోతుంది. అందరూ మూడేళ్ళు టైముంటుంది కదా అనుకుని కూర్చుంటారు, అది మామూలు మనుషుల మధ్య దావాలకి. నోటీసులో గడిచిన రెండు నెలలు లిమిటేషన్ చట్టం సెక్షన్ 15 కింద లెక్కలోంచి తీసేయమని వాదించొచ్చు, నేనైనా వాదిస్తాను, కానీ దాన్ని నమ్ముకుని ఇంకో నెల ఆగొద్దు. ప్రభుత్వం మీద అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 నోటీసు, అదీ రెండు నెలలే, కలెక్టర్ పేరున ఇవ్వొచ్చు. గడువు కూడా ఏడాదే అనుకుని నడవండి. మూడు నోటీసులూ ఈ వారమే రిజిస్ట్రేషన్ పెట్టించిన స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో వెళ్ళాలి. అందులో ప్రమాదం తేదీ, చోటు, ఎవరి నిర్లక్ష్యం, ఎంత అడుగుతున్నారు, నాన్నగారి పేరు చిరునామా, ఇవన్నీ ఉండాలి. ఎన్ని రూపాయలో అంకె రాయకుండా తగిన నష్టపరిహారం అని రాస్తే ఆ నోటీసు చెల్లదని వాదిస్తారు.

సాక్ష్యం దగ్గరకొస్తే, గోతిని మీరే పూడ్చారు, మంచి పనే, ఇంకొకరు పడకుండా కాపాడారు. కానీ పూడ్చే ముందు ఒక్క ఫోటో అన్నా తీశారా? చేతిలో ఫోన్ పెట్టుకుని గోతిని మాయం చేశారు. సరే, అయిందేదో అయింది. ఆ రోజు గ్రావెల్ తోలిన ట్రాక్టర్ ఆయన, దానికిచ్చిన డబ్బు ఫోన్‌పేలో వెళ్ళుంటే ఆ స్క్రీన్, పూడ్చిన కుర్రాళ్ళలో ఎవరో ఒకరు స్టేటస్ పెట్టే ఉంటారు, అది ఎవరి ఫోన్లో ఉందో వెతకండి. ఫార్వర్డ్ అయిన కాపీ కాదు, మొదట తీసిన ఫోన్ కావాలి, దాన్ని అమ్మకండి, రీసెట్ చెయ్యకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ పెట్టాల్సి ఉంటుంది. ఇప్పటికీ ఆ మలుపులో పాత సీసీకి, తవ్విన చోటికి తేడా కనబడుతూనే ఉంటుంది, పైపు గీత పొడవునా మట్టి రంగు వేరుగా ఉంటుంది, పక్కన టేపు పెట్టి వెడల్పు కనబడేలా ఫోటోలు తీయండి, ఇంటి నంబర్లు కూడా ఫ్రేములో పడేలా. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే కాదు, పూర్తి కేస్ షీట్ తీసుకోండి, 108లో తీసుకెళ్ళుంటే దాని రికార్డు కూడా. ఒరిజినల్ బిల్లులు కావాలి. ఎన్టీఆర్ వైద్య సేవలో అయిన ఖర్చు మీ జేబు ఖర్చుగా చూపించకండి. నడక ఇలాగే ఉండిపోతే సదరం (వైకల్యం) సర్టిఫికెట్‌కి పెట్టండి.

ఆస్పత్రి దగ్గరాయన చెప్పిన కారు సంగతి. ఆ మాట ఇంకోసారి ఇంట్లో వినపడనివ్వకండి. రాత్రి క్యాజువాలిటీలో నాన్నగారిని తీసుకెళ్ళినప్పుడు డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఎలా జరిగింది అని, మీరు చెప్పింది బండి మీంచి గుంతలో పడ్డాడని, అది కేస్ షీట్ మొదటి పేజీలో టైముతో సహా రాసి ఉంటుంది. నాలుగు నెలల తర్వాత కారు గుద్దింది అంటే ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ఆ ఒక్క పేజీ తెచ్చి మీ ముందు పెడతాడు. అప్పుడు తప్పుడు ఫిర్యాదుకి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేర చట్టం) 217, దొంగ సాక్ష్యానికి 229, మోసానికి 318, నాన్నగారు, మీరు, కారు ఇచ్చినవాడు, అందరూ ముద్దాయిలు, సలహా ఇచ్చినాయన మాత్రం ఎక్కడా సంతకం పెట్టడు. పైగా అసలు గోతి కేసు కూడా అక్కడితో చచ్చిపోతుంది, ఒకే ప్రమాదం రెండు రకాలుగా జరగదు కదా. నాన్నగారి బండి పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో చూడండి, ఉంటే 15 లక్షల దాకా, కానీ అది చనిపోతేనో శాశ్వత వైకల్యం వస్తేనో, ఉత్త ఫ్రాక్చర్‌కి రాదు, లైసెన్స్ కూడా ఉండాలి.

నిజం చెప్పే పోలీస్ కంప్లయింట్ మాత్రం ఇవ్వండి. తవ్వి, బోర్డు లేకుండా వదిలేసి ఎముక విరగడానికి కారణమైతే అది బీఎన్ఎస్ 125(బి), మూడేళ్ళ దాకా శిక్ష. ఇంత ఆలస్యం ఎందుకైందో, ఆపరేషన్, మంచాన పడడం, అన్నీ అందులోనే రాయండి. ఎస్ఐ తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్. దాంతోపాటు ఆర్‌డబ్ల్యూఎస్ ఆఫీసులో ఆర్టీఐ పెట్టండి, పంచాయతీలో అయితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. అడగాల్సింది మీ వీధి పైపులైన్ అగ్రిమెంట్, ఎస్టిమేట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, రోడ్డు కోతకి పంచాయతీ ఇచ్చిన పర్మిషన్. ఇలాంటి పనుల ఎస్టిమేట్‌లో మామూలుగా రోడ్డు తిరిగి వేసే ఐటమ్ ఉంటుంది. వేయకుండానే వేసినట్టు ఎం-బుక్‌లో కొలతలెక్కి బిల్లు పాసై ఉంటే ఆ ఒక్క పేజీ మీ నలుగురు సాక్షుల కంటే ఎక్కువ. 30 రోజులు చూసి రాకపోతే మొదటి అప్పీలు. నోటీసులు మాత్రం దీని కోసం ఆపకండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 198ఏ గురించి ఎవరైనా చెప్తే, రోడ్డు లోపంతో చనిపోయినా వైకల్యం వచ్చినా లక్ష దాకా జరిమానా ఉన్న మాట నిజమే, కానీ ఆ డబ్బు మీకు రాదు, ప్రభుత్వ నిధికి పోతుంది. 2025 అక్టోబర్‌లో బాంబే హైకోర్టు గుంతల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయాలకి 50 వేల నుంచి రెండున్నర లక్షలు ఇవ్వాలని చెప్పింది, అది మహారాష్ట్రలో. మన దగ్గర కట్టుబడాలని లేదు గానీ దావాలో ఎంత అడగాలి అన్నదానికి చూపించుకోవచ్చు.

తీర్మానం మార్చిన సంగతి వేరే కాగితం మీద పెట్టండి, దీంట్లో కలపొద్దు. గ్రామసభలో రాసినంత మాత్రాన ఆ వీధికి రోడ్డు హక్కుగా రాదు, గ్రామసభ సూచనల్ని పంచాయతీ పరిశీలించాలి అంతే, తర్వాత టెక్నికల్ శాంక్షన్, నిధులు అన్నీ దాటాలి. కానీ ఒక పనికి శాంక్షన్ అయ్యాక తీర్మానం పుస్తకంలో వీధి పేరు మార్చుంటే అది వేరే విషయం, మినిట్స్ కాపీ తీసుకుని జిల్లా పంచాయతీ అధికారికి (డీపీవో), కలెక్టర్‌కి అర్జీ ఇవ్వండి, సెక్షన్ 246 కింద తీర్మానాన్ని ఆపే అధికారం ఉంది. మిగతా వీధంతా పైపుల కోసం ఇంకా తవ్వే ఉంటే ఆ ప్రమాదం తొలగించమని ఆర్డీవో దగ్గర బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 152 పిటిషన్ వేయండి, 1980 రత్లాం మున్సిపాలిటీ కేసులో డబ్బుల్లేవు అన్న సాకుని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఆ తీర్పు ఇప్పటికీ పనికొస్తుంది.

లాయర్‌ని పెట్టుకోవడం కష్టమైతే మండల లీగల్ సర్వీసెస్ కమిటీకి వెళ్ళండి, లేదా ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు కేస్ షీట్, బిల్లులు, ట్రాక్టర్ ఆయన ఫోన్ నంబరు, ఆ కాంట్రాక్టర్ పేరు తీసుకెళ్ళండి. పేరు తెలీకపోతే ఆ పైపులు దింపినప్పుడు వచ్చిన మేస్త్రీని అడగండి, నోటీసు వెళ్ళేది ఆ పేరు మీదే.