క్లాసులో చెప్పిన పాఠానికి మెమో ఇస్తే?

సందేహం: ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ లెక్చరర్‌ని. రిజర్వేషన్ల పాఠంలో అనుకూల, వ్యతిరేక వాదనలు రెండూ చెప్పాను. ఎవరో 40 సెకన్ల ముక్క రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టారు. 3 రోజుల్లో సంజాయిషీ ఇమ్మని యాజమాన్యం మెమో ఇచ్చింది. క్షమాపణ రాసిచ్చేస్తే పోతుందంటున్నారు ప్రిన్సిపాల్ గారు. నాకు భావస్వేచ్ఛ లేదా?

జవాబు: క్షమాపణ రాసివ్వకండి. రేపు విచారణ జరిగితే, తప్పు ఒప్పుకున్నారనడానికి ముందుగా బయటికి తీసేది ఆ కాగితాన్నే.

రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చే భావస్వేచ్ఛ మీకూ ఉంది. కానీ అది ప్రధానంగా ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు. ప్రైవేటు యాజమాన్యం ముందు దాన్నొక్కదాన్నే నమ్ముకోలేరు. మీకు అసలైన ఆసరా 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 79వ సెక్షన్. అభియోగాలు తెలపకుండా, విచారణ జరపకుండా, మీ వాదన వినకుండా తొలగించడం, హోదా తగ్గించడం కుదరదు. సస్పెన్షన్ మామూలుగా 2 నెలలు దాటకూడదు. శిక్ష వేస్తే 80వ సెక్షన్ కింద అప్పీలుంది. తెలంగాణలోనూ ఇదే చట్టం. డీమ్డ్ యూనివర్సిటీలకు మాత్రం వర్తించదు.

సంజాయిషీలో స్వేచ్ఛ గురించి ఉపన్యాసం వద్దు. తేదీ, పీరియడ్, సిలబస్‌లో యూనిట్ నంబరు రాయండి. "ఉద్యోగ రిజర్వేషన్లకు వీలిచ్చే 16(4) అధికరణంపై ఇరుపక్షాల వాదనలు వివరించాను. క్లిప్‌లో ఉన్నది ఒక పక్షం వాదన మాత్రమే. ఫిర్యాదు కాపీ, పూర్తి వీడియో ఇప్పించగలరు." ఇంత చాలు. టీచింగ్ డైరీలో ఆ రోజు పేజీ జిరాక్సు జత చేయండి. ఆ పేజీ ఖాళీగా ఉంటే ఇప్పుడు కూర్చుని నింపకండి. వెనక తేదీ రాత బయటపడితే అసలు ఆరోపణ కన్నా అదే బరువవుతుంది. మీ కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. వాళ్లు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపండి. సమయం చాలకపోతే గడువు ముగియకముందే రాతపూర్వకంగా పొడిగింపు అడగండి.

విద్యార్థుల చేత మద్దతు సంతకాలు పెట్టించకండి. యాజమాన్యం మీదికి విద్యార్థులను రెచ్చగొట్టకూడదని 2018 యూజీసీ నిబంధనల్లోని వృత్తి నియమావళి చెబుతోంది. మంచి కేసులు కూడా ఇక్కడే చెడిపోతుంటాయి. పాఠం దాటి ఏదైనా పార్టీకి ఓటేయమన్నా, ఒక కులాన్ని కించపరిచినా సిలబస్ మిమ్మల్ని కాపాడదు. అలాంటి మాట పూర్తి రికార్డింగులో ఉంటే జవాబిచ్చే ముందే లాయరుకు దాచకుండా చెప్పండి.

ఇంకొకటి. "గౌరవంగా వెళ్లిపోండి" అంటూ రాజీనామా కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. మీరే రాజీనామా చేశారంటే అది తొలగింపు కిందికి రాదు, 79వ సెక్షన్ అక్కరకు రాదు.