మెస్ సాంబారూ గాంప్ నియమమూ

ఫాంటసీ నవలల్లో మ్యాజిక్ పనిచేసే తీరు మీద అభిమానులు అల్లిన సరదా థియరీల్లో మీకు బాగా నచ్చినదేది అని అడిగారు. నాకు నచ్చినది మా హాస్టల్ మెస్‌లో పుట్టింది.

హ్యారీ పోటర్ ఏడో పుస్తకం 2007 జూలైలో వచ్చింది. నేను ఇంజనీరింగ్‌లో చేరిందీ ఆ ఏడాదే. నలుగురం ఉండే గదిలో ఒకటే కాపీ. వంతులేసుకుని చదివేవాళ్లం. వెనకబడినవాడి ముందు కథ ఎత్తకూడదని రూలు.

అందులో ముగ్గురు స్నేహితులు హ్యారీ, రాన్, హెర్మయినీ డేరా వేసుకుని అడవుల్లో తిరుగుతూ ఆకలికి నకనకలాడుతుంటారు. మా అమ్మయితే గాల్లోంచి మంచి భోజనం తెప్పిస్తుందని రాన్ సణుగుతాడు. హెర్మయినీకి ఒళ్లు మండి, మంత్రంతో వస్తువుల్ని మార్చడం గురించిన గాంప్ నియమం వినిపిస్తుంది. ఆ నియమానికి ఐదు మినహాయింపులు, అందులో మొదటిది తిండి. ఏమీ లేనిచోట తిండి పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఎక్కడుందో తెలిస్తే రప్పించుకోవచ్చు, ఉన్నదాన్ని మార్చుకోవచ్చు, కాస్త ఉంటే పెంచుకోవచ్చు. మిగతా నాలుగు మినహాయింపులేమిటో ఏడు పుస్తకాల్లో ఎక్కడా చెప్పలేదు.

మొదటి రెండింటితో పేచీ లేదు. నాలుగో పుస్తకంలో రాన్ వాళ్లమ్మ మంత్రదండం కొసనుంచి చిక్కటి సాస్ గిన్నెలోకి కారుతుంది. ముందే చేసి పెట్టుకున్నదాన్ని రప్పించిందనుకుంటే సరిపోతుంది. వాళ్లు చదివే మంత్రవిద్యల బడి హాగ్వార్ట్స్‌లో విందు కూడా కింద వంటింట్లో ఎల్ఫులనే పనివాళ్లు వండి పైకి పంపేదే. చిక్కంతా మూడో మాటతోనే. కాస్త ఉంటే పెంచుకోవచ్చంటే ఒక్క బ్రెడ్డు ముక్కతో ఊరందరికీ పెట్టొచ్చు కదా! మరి వీళ్లకి ఈ పస్తులెందుకు? రాన్ వాళ్లింట్లో ఆ కటకట ఎందుకు?

ఒకరోజు మెస్‌కి ఆలస్యంగా వెళ్లాం. సాంబారు గంగాళంలో అడుగు కనిపిస్తోంది. వడ్డించే అన్న పక్క పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు రెండు మగ్గులు అందులో పోసి, ఇంత ఉప్పూ ఇంత కారం వేసి గరిటెతో గిర్రున తిప్పాడు. మునక్కాడ ముక్క ఒకటి పైకి తేలి మళ్లీ మునిగిపోయింది. నా రూమ్మేట్ కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయి, "మామా, దొరికిందిరా! హెర్మయినీ చెప్పిన పెంచడమంటే ఇదే" అన్నాడు.

వాడి థియరీ ఇది. ఆ మంత్రం కొలత పెంచుతుంది గానీ సత్తువ పెంచదు. ఒక ఇడ్లీని పది చేస్తే, పదీ కలిపినా ఉండేది ఆ ఒక్క ఇడ్లీ బలమే. కడుపు నిండినట్టే ఉంటుంది, గంట తిరక్కుండా మళ్లీ ఆకలేస్తుంది. నాకిది ఎందుకంత నచ్చిందంటే, కొత్త రూలేదీ కలపకుండానే పుస్తకంలోని చిక్కు విప్పేసింది. దీనికి పుస్తకంలో రుజువు లేదు, కాదనే మాటా లేదు. మాడిన చేప తింటూ "దీన్ని మాత్రం పెంచకు" అన్నట్టు రాన్ విసుక్కునే చోటు పట్టుకుని, పెంచినా రుచి మారదని ఇంకొకడు వాదించాడు. రుచి వేరు, సత్తువ వేరని మావాడు. రెండు రాత్రులు నిద్రలేదు మాకు.

ఇంతకన్నా బాగా తిరిగిన థియరీ డర్స్లీలది, అంటే హ్యారీని పెంచిన పెద్దమ్మా పెదనాన్నలది. మాయల ఫకీరు తన ప్రాణం చిలకలో దాచుకున్నట్టు కథలో విలన్ వోల్డెమార్ట్ తన ఆత్మ ముక్కల్ని వస్తువుల్లో దాచుకుంటాడు. వాటినే హోర్‌క్రక్స్‌లంటారు. అలాంటి లాకెట్ మెడలో వేసుకుంటే చాలు, రాన్ లాంటి మంచివాడు కూడా చిటపటలాడిపోతాడు. హ్యారీలోనూ అలాంటి ముక్కే ఉంది. కాబట్టి పెద్దమ్మా పెదనాన్నా అంత దుర్మార్గంగా ఉండటం వాళ్ల తప్పు కాదు, అన్నేళ్లు ఆ పిల్లాడి పక్కన బతకడం వల్లేనని థియరీ! విన్నప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తర్వాత పుస్తకాలు మళ్లీ తిరగేస్తే నిలబడలేదు. హ్యారీ ఆ గుమ్మంలోకి రాకముందే, మొదటి పేజీల్లోనే వాళ్లు అలా ఉన్నారు. రాన్, నెవిల్ ఏళ్ల తరబడి అతనితో ఒకే గదిలో పడుకున్నా మంచివాళ్లుగానే ఉన్నారు. పైగా పట్టుకోవడం కాదు, మనసు ఇచ్చేయడమే ప్రమాదమని హెర్మయినీ చెబుతుంది. రాన్ చెల్లెలు జిన్నీ తన గోడంతా అలాంటి ముక్క దాగిన డైరీకి చెప్పుకుంది. డర్స్లీలు హ్యారీకి ఎప్పుడు మనసిచ్చారు? ఆ థియరీ ఓడిపోయినా నాకిష్టమే. అది లేకపోతే హెర్మయినీ చెప్పిన ఆ వాక్యం నేను రెండోసారి చదివేవాణ్ణి కాదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సాంబారు థియరీ అమ్మమ్మకి చెప్పాను. చేట దించకుండానే మొత్తం విని, "శూన్యంలోంచి తిండి రాదంటే వింతేముందిరా నాన్నా? కృష్ణుడు గిన్నెలో వెతకమన్నది అందుకే కదా" అంది.

అమ్మమ్మ చెప్పింది వనవాసంలో కథ. సూర్యుడిచ్చిన అక్షయపాత్రకీ గట్టి నియమమే ఉంది. ద్రౌపది తిన్నాక ఆ రోజుకి ఇక అది ఏమీ ఇవ్వదు. సరిగ్గా అప్పుడే దూర్వాసుడు శిష్యులందరితో దిగాడు. కృష్ణుడొచ్చి పాత్ర తెమ్మని, అంచుకి అంటుకున్న మెతుకూ కూరాకు ముక్కా నోట్లో వేసుకోగానే, ఏట్లో స్నానం చేస్తున్న వాళ్లందరికీ కడుపులు నిండిపోయాయి. ఆయన అనుకుంటే ఊరికే నింపలేడా? అయినా మెతుకు అడిగాడు. కాస్తయినా ఉండాలి, అప్పుడే పెరుగుతుంది. అక్షరాలా హెర్మయినీ చెప్పిందే. మావాడి థియరీలో లేనిదొకటి అమ్మమ్మ కలిపింది: పెంచేవాణ్ణి బట్టి సత్తువ కూడా వస్తుందిట.

ఆ సాయంత్రం బియ్యం నిండుకున్నాయని అమ్మమ్మ కేకేసింది. మా ఇంట్లో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు. తాతయ్య బస్తా విప్పుతుంటే నేను డబ్బా దులపబోయాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, అడుగున మిగిలిన గుప్పెడు గింజలు అలాగే ఉంచి, కొత్త బియ్యం వాటిమీదే పోయించింది.