సముద్రపు ఎర్ర నాచు గోళీలు నిజంగా పనిచేస్తాయా? పరిశోధనలు ఏమంటున్నాయి?

మీరు అడిగినవి రెండు విషయాలు. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు పొడి, గోళీలు షుగరును, కీళ్ల నొప్పులను, థైరాయిడ్ సమస్యను తగ్గిస్తాయని పరిశోధనల్లో రుజువైందంటూ జరుగుతున్న ప్రచారంలో నిజమెంత అన్నది మొదటిది. మైపాడు సముద్రపు ఒడ్డున, పులికాట్ సరస్సులో కనిపించే నాచును తెచ్చుకుని తినవచ్చా అన్నది రెండవది. నేను వైద్యుణ్ణి కాను. నెల్లూరు దగ్గర రొయ్యల రైతులకు నీటి పరీక్షలు, బాక్టీరియా పరీక్షలు చేసిపెట్టే ల్యాబ్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఆ పనిలో తెలిసినంత మేరకు చెబుతాను.

ఎర్ర నాచుల్లో ఏ సందేహమూ లేకుండా నిలబడినవి వాటి జిగురు పదార్థాలు. గ్రాసిలేరియా, జెలీడియం జాతుల నుంచి అగర్, కప్పాఫైకస్, కాండ్రస్ జాతుల నుంచి కారజీనన్ తీస్తారు. కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేది అగరే. ఐస్‌క్రీము డబ్బా మీద 407 అన్న అంకె ఉంటే అందులో కారజీనన్ ఉన్నట్టు. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో అనే బాక్టీరియా పరీక్షకు మేము వాడే ఆకుపచ్చ ప్లేటు కూడా అగర్‌తో గడ్డకట్టినదే. చెరువు నీటిని దాని మీద పరచి ఒక రాత్రి ఉంచితే, చక్కెరను పులియబెట్టగల విబ్రియోలు పసుపు చుక్కలుగాను, ఆ శక్తి లేనివి ఆకుపచ్చ చుక్కలుగాను లేస్తాయి. తెల్లారేసరికి రైతు ఫోన్ చేసి అడిగే మొదటి మాట “గ్రీన్ ఎంత వచ్చింది సార్?” అనే.

ఈ పనికి అగర్ రావడం వెనుక ఒక గృహిణి ఉన్నారు. జర్మనీలో బాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో మొదట జెలటిన్ వాడేవారు. అది వేడికి కరిగిపోయేది, పైగా కొన్ని బాక్టీరియాలు దాన్నే తిని నీరు చేసేవి. 1880 దశకం తొలినాళ్లలో అక్కడి పరిశోధకుడు వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తాను వంటలో వాడే అగర్‌ను సూచించారు. అగర్ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి, కరిగిన తరువాత 40 దరిదాపులకు చల్లారితే తప్ప గడ్డకట్టదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన మా ల్యాబ్‌లో జెలటిన్ ప్లేట్లు ఉంటే ఏమయ్యేవో వేరే చెప్పనక్కరలేదు.

చాలా బాక్టీరియాలు అగర్‌ను జీర్ణం చేసుకోలేవు. మన పేగుల్లోనూ దాదాపు అదే పరిస్థితి కనుక ఈ జిగుర్లు శరీరంలో పీచు పదార్థంలా నీటిని పట్టి ఉంచి, భోజనం తరువాత చక్కెర రక్తంలో చేరడాన్ని కొంత నెమ్మదిస్తాయి. ‘షుగరు తగ్గిస్తుంది’ అన్న ప్రచారానికి చాలావరకు ఇదే ఆధారం. ఈ పని మన మెంతులూ ఇసబ్‌గోలూ తక్కువ ఖర్చులోనే చేస్తాయి. ఈ జిగుర్లు పేగుల్లో జీర్ణం కావన్న మాటకు ఒక ఆసక్తికరమైన మినహాయింపు ఉంది. సుషీకి చుట్టే నోరి అనే ఎర్ర నాచులోని పోర్ఫైరాన్ అనే జిగురును విడగొట్టే జన్యువులు సముద్రపు బాక్టీరియా నుంచి జపాన్ వారి పేగు బాక్టీరియాకు చేరాయని 2010లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వారిలో ఆ జన్యువులు కనిపించలేదు. అందుచేత, తరతరాలుగా నాచు తింటున్న వారి మీద వచ్చిన ఫలితాలను యథాతథంగా మనకు అన్వయించడం సరికాదని నా అభిప్రాయం.

ఇక నాచు సారం బాక్టీరియాను చంపుతుంది, క్యాన్సర్ కణాలను ఆపుతుంది అన్న వార్తల సంగతి. ఇలాంటి నాచు సారాన్ని రొయ్యల రైతులకు కూడా ‘ఇమ్యూనిటీ’ మందు పేరుతో అమ్ముతారు. ఒక రైతు తెచ్చిన సీసాలోని ద్రవంలో కాగితపు బిళ్లను ముంచి, విబ్రియో పరచిన ప్లేటు మీద పెట్టి చూశాను. మరునాటికి బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం స్పష్టంగా ఏర్పడింది. సీసా మీద రాసిన మోతాదు ప్రకారం పలచన చేసి పెట్టిన బిళ్లను ఆనుకునే చుక్కలు లేచాయి. ఎకరం చెరువులో నాలుగడుగుల నీరంటే సుమారు 50 లక్షల లీటర్లు. అందులో ఒక లీటరు మందు ఏ మూలకు? గాజు పాత్రలోని కణాల మీద చిక్కటి సారం పోసి చేసిన పరిశోధనకూ, రోజుకు రెండు గోళీలు మింగే మనిషికీ మధ్య దూరం కూడా ఇలాంటిదే. భయపెట్టే వీడియోలకూ ఈ కొలతే వర్తిస్తుంది. కారజీనన్ వాపు పుట్టిస్తుందన్న మాట ఎలుక పాదంలోకి దాన్ని సూదితో ఎక్కించి, వాపు మందులను పరీక్షించే పద్ధతి నుంచి వచ్చింది. 1962 నుంచి ఆ పద్ధతి వాడుకలో ఉంది. సూదితో ఎక్కించడం వేరు, తినడం వేరు.

థైరాయిడ్ విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్న నిబంధనతో అమ్మే ఉప్పు మన ఇళ్లలో ఎలాగూ ఉంది. ఎర్ర నాచుల్లో అయోడిన్ కెల్ప్ అనే గోధుమ రంగు నాచులో ఉన్నంత ఉండదు కానీ, జాతిని బట్టి, పెరిగిన చోటును బట్టి చాలా మారుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునే మా పిన్ని కొన్న సీ మాస్ (ఎర్ర నాచునే ఈ పేరుతో అమ్ముతారు) డబ్బా తిప్పి చూస్తే, విటమిన్ల పట్టిక బారెడు ఉంది, అయోడిన్ ఎంతో ఎక్కడా లేదు. అయోడిన్ తగ్గినా ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది కనుక, డాక్టరుకు చూపించేదాకా తెరవవద్దని ఆమెకు చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

ఒడ్డున దొరికే నాచు జోలికి వెళ్లకండి. మైపాడుది ఇసుక తీరం. నాచు పట్టుకుని పెరగడానికి రాళ్లు లేవు కనుక అక్కడ కనిపించేది ఎక్కడో తెగి కొట్టుకువచ్చి కుళ్లడం మొదలైన సరుకు. పులికాట్‌లో గ్రాసిలేరియా పెరిగే మాట నిజమే. అయితే నాచు నీటిలోని భారలోహాలను పీల్చుకుంటుంది, పైగా తినదగిన జాతి కూడా ఒక్కోసారి విషమవుతుంది. 1991లో గ్వామ్ ద్వీపంలో, ఎప్పుడూ తినే గ్రాసిలేరియా నాచునే తిని 13 మంది జబ్బుపడగా ముగ్గురు మరణించారు; అందులో పాలీకావర్నోసైడ్ అనే విషం ఉన్నట్టు తరువాత తేలింది. రుచి చూడాలని ఉంటే కొట్లో చైనా గ్రాస్ కొని, నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించి, పాలలో కలిపి గడ్డకట్టించి తినండి. పొడి రూపంలో ఉన్న ఏ జిగురునైనా నీళ్లు లేకుండా నోట్లో వేసుకోవద్దు; గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది.