అంజూర కొమ్మ చిగురేసి మళ్లీ ఎండిపోతా ఉందా?

మీరు అడిగింది ఏందంటే, కుండీలో గుచ్చిన అంజూర కొమ్మ రెండు మూడు ఆకులేసి వాడిపోతా ఉంది, రోజూ నీళ్లు పోస్తానే ఉన్నా ఎందుకిట్లా అని. ఆ రోజూ పోయడమే అండీ తంటా. అంజూరకి చాలాసార్లు ముందు ఆకు వస్తాది, వేరు తర్వాత. ఆ మొదటి ఆకులు కొమ్మలో నిలవున్న బలంతో వచ్చినవే, కింద ఇంకా వేరు ఉండదు, తడి ఎక్కువైతే కోసిన చోట కుళ్లు పడతాది. ఒకదాన్ని పీకి అడుగున గోరుతో గీరండి, బెరడు నల్లగా మెత్తగా ఊడొస్తే కుళ్లినట్టే, లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణం ఉన్నట్టు.

నేను నెల్లూరులో మిద్దె మీద పెంచేది చెప్తా. పెన్సిల్ కన్నా కొంచెం లావుగా, బూడిద రంగుకి తిరిగిన ముదురు కొమ్మ తీసుకోండి, పచ్చటి లేత చివర్లు వద్దు. జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు చాలు, అడుగు కణుపుకి కాస్త కిందగా కోయాలి, వేర్లు ఆ కణుపు దగ్గరే బాగా పుడతాయి. కోయంగానే పాలు కారతాయి, అవి చర్మానికి అంటుకుని ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి కొంతమందికి, గ్లవ్స్ వేసుకుంటే పోద్ది. పాలు ఆరినాక, ఆకులు ఏమన్నా ఉంటే తుంచేసి, రెండు కణుపులు లోపలికి పోయేటట్టు గుచ్చండి.

గుచ్చే కుండీలోకి కడిగిన ఏటి ఇసక సగం, కొబ్బరి పొట్టు సగం. సముద్రం ఇసక వద్దు. పేడ ఎరువు ఇప్పుడు అసలు వద్దు, వేరొచ్చి పెద్ద కుండీకి మార్చినాక చూసుకోవచ్చు. పిడికెడు తీసి గట్టిగా పిండితే నీటి చుక్క కారకూడదు, చేతికి చల్లగా తగలాలి, అంతే తడి. పైన పాలిథిన్ కవర్ కప్పి వెలుతురుండే నీడలో పెట్టేసి మర్చిపోండి. మామూలుగా వేరుకి నాలుగు నుంచి ఆరు వారాలు పడతాది. ఈలోపు కదిలించి చూస్తే వచ్చే సన్న వేరు కాస్తా తెగిపోతాది, అందుకే నేను కోసిన వాటర్ బాటిల్లో నాటతా, అడుగున చిల్లులు పెట్టి, తెల్ల వేర్లు బయటికే కనపడతాయి. వేరు తొందరగా వస్తాదని కొమ్మకి తేనె, కలబంద రాసి చూశా, నాకైతే పెద్ద తేడా కనపడలా.

కాలం కూడా ముఖ్యం. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు, ఆ తడికి కుళ్లు ఎక్కువ. సంక్రాంతి పోయినాక ఫిబ్రవరి లోపల నాటండి, కొమ్మలు కత్తిరించేది కూడా అప్పుడే కాబట్టి ఎవరినన్నా అడిగితే ఊరికే ఇస్తారు. రోహిణి కార్తె ఎండల్లో మటుకు వద్దు. ఉప్పు బోరునీళ్లు పెద్ద చెట్టు కొంతవరకు తట్టుకుంటాది గానీ కొత్త వేరు తట్టుకోదు, ఆర్‌వో మెషీన్ వదిలేసే నీళ్లల్లో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి అస్సలు పోయొద్దు.

అంజూర కాయ కట్టాలంటే పుప్పొడి మోసే ఏదో ప్రత్యేకమైన కందిరీగ కావాలంట కదా అని ఇంకొకరు అడిగారు. పూణే రకం, డయానా రకం లాంటి వాటికి అక్కర్లేదు. కొమ్మతో వచ్చిన చెట్టు తల్లి చెట్టు లాంటిదే, అందుకని మీరు పండు తిని బాగుంది అనుకున్న చెట్టు నుంచే కొమ్మ తెచ్చుకోండి. కాయ మటుకు చెట్టు మీదే పండాలి, పచ్చిది కోసి మామిడి కాయ మాదిరి మాగబెడదాం అంటే కుదరదు. మెడ వాలి మెత్తబడినాక కోయండి, ఉడతల కన్నా ముందు మీరు మిద్దె ఎక్కాలి మరి.